ఇంజనుకు నూనె కొళాయి

ముప్పై ఏళ్లకు పైగా నేను బస్సుల కింద పడుకుని బతికాను. ఈ మాట ఇలా చెప్పడం మా ఇంట్లో ఎవరికీ నచ్చదు. "మెకానిక్కుగా పనిచేశానని చెప్పొచ్చు కదా, ఏదో తాగి పడిపోయిన మనిషి మాదిరి ఆ మాటేమిటి" అంటుంది మా ఆవిడ. ఏం చేయను, నిజం అదే. చిక్కబళ్లాపురం షెడ్డులో నేను నిలబడి చేసిన పని కన్నా వెల్లకిలా పడుకుని చేసిన పనే ఎక్కువ.

ఈ పనిలో చేరబోయేవాళ్లు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తారు. ఇంజన్ల గురించి చెప్పమంటారు. ఇంజన్ల గురించి పుస్తకాల్లో చాలా ఉంది, బొమ్మలతో సహా. ఇంజన్ల చుట్టూ ఉండే మనుషుల గురించే ఎక్కడా లేదు. అందుకని ఒక కొళాయి సంగతి చెబుతాను. నా పనిలో నేను నేర్చుకున్న వాటిలో సగం ఆ కొళాయి పుణ్యమే.

మోచేతి మచ్చ

ఇంజన్ ఆయిలు మార్చడం ఇప్పటివాళ్లకు చాలా చిన్న పని. మా రోజుల్లో, అంటే యాభైల చివర, అరవైల మొదట్లో, షెడ్డులో అందరూ తప్పించుకు తిరిగిన పని అది. ఇంజన్ అడుగున నూనె నిలిచే ఇనుప తొట్టి ఉంటుంది. దాన్ని మేము ఛాంబర్ అంటాం. దాని అట్టడుగున ఒక బోల్టు. ఆ బోల్టు విప్పితే పాత నూనె కారిపోతుంది. మళ్లీ బిగించి, పైనుంచి కొత్త నూనె పోయాలి. చెప్పడానికి అంతే.

చేసేటప్పుడు తెలుస్తుంది అసలు కష్టం. గోనెపట్ట పరుచుకుని బస్సు కిందికి జరగాలి. తలకు, ఇంజనుకు మధ్య జానెడు చోటు. స్పానరు పెట్టి బోల్టు వదులు చేశాక, చివరి మరలు చేత్తోనే తిప్పాలి. సరిగ్గా అప్పుడు బోల్టు చేతిలోంచి జారి కింద పెట్టిన నూనె బానలో పడుతుంది, దాని వెంటే సలసల కాగుతున్న నూనె మణికట్టు మీదుగా మోచేతి దాకా పారుతుంది. మా షెడ్డులో పనిచేసిన ప్రతివాడికీ కుడి మోచేతి దగ్గర ఒక మచ్చ ఉండేది. మా ఫిట్టరు బాషా పెళ్లి కుదిరేదాకా నడి వేసవిలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకు తిరిగాడు. పిల్ల తరపువాళ్లు ఆ మచ్చ చూసి ఏదో చర్మరోగం అనుకుంటారేమోనని అతని భయం.

చల్లారాక చేయొచ్చు కదా అని మీరు అడుగుతారు. మేమూ అడిగాం. మాకు పని నేర్పిన మేస్త్రీ, బస్సు ట్రిప్పు నుంచి వచ్చిన వెంటనే నూనె దించి తీరాలనేవాడు. ఎందుకని అడిగితే, "చల్లారితే రాదురా" అనేవాడు. చల్లారినా వస్తుందని మాకు తెలుసు, కళ్లతో చూశాం. కానీ ఆయనతో వాదించే ధైర్యం ఎవరికీ లేదు. ఆయన చేతిలో ఎప్పుడూ ఏదో ఒక స్పానరు ఉండేది. వేడిగా ఎందుకు దించాలో చెప్పకుండానే ఆయన పని మానుకుని వెళ్లిపోయాడు. కారణం తెలియకుండానే మేము చేతులు కాల్చుకుంటూ వచ్చాం.

దీనికి తోడు, బోల్టు దగ్గర నూనె కారుతుందేమోనన్న భయంతో ప్రతివాడూ ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బిగించేవాడు. అలా బిగించి బిగించి మరలు అరిగిపోయాయి. అరిగిన మరలకు జనపనార చుట్టి బిగించేవాళ్లం. అయినా కారేది. బస్సు ఎక్కడ నిలబడి వెళ్లిందో నేల చూసి చెప్పొచ్చు.

నూనె తెలిసిన మనిషి

మా బస్సుల యజమాని నాగయ్య శెట్టిగారు. చింతామణిలో చెనక్కాయ, అంటే వేరుశెనగ, నూనె మిల్లు వాళ్లది. తాతల నాటి నుంచి వాళ్లది నూనె వ్యాపారమే. బస్సులు మాత్రం ఆయన మనసుపడి కొన్నవి. ఆ ఇష్టం చూస్తే మాకే నవ్వొచ్చేది. బస్సు షెడ్డులోకి వచ్చినప్పుడు దాని ముందు భాగం మీద చెయ్యేసి, ఎద్దును నిమిరినట్టు నిమిరేవారు.

మంచి యజమాని అని ఒక్క మాటలో చెప్పేస్తే అబద్ధమవుతుంది. మంచివారే, కానీ ఎవరి మాటా చివరిదాకా వినేవారు కాదు. మనం సగం చెప్పేసరికి మిగతా సగం ఆయనే చెప్పేసేవారు. చాలాసార్లు సరిగ్గానే చెప్పేవారు, అదే వచ్చిన చిక్కు. పదిసార్లు సరిగ్గా ఊహించిన మనిషికి పదకొండోసారి వినాలని తోచదు.

నూనె విషయంలో మాత్రం ఆయన్ను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. ఒక్క చుక్క అరచేతిలో వేసుకుని రెండో చేత్తో రుద్ది, వాసన చూసి, కాయ ఏ ఊరిదో, ఎండ తగిలిందో లేదో చెప్పేవారు. ఒకసారి మా షెడ్డులో కొత్త ఇంజన్ ఆయిలు డబ్బా తెరిచినప్పుడు అలవాటు కొద్దీ వేలు ముంచి, రుద్ది, వాసన చూశారు. ఆ వేలు నాలుక దాకా పోతుంటే నేను చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

"నూనెను తొందర పెట్టగూడదప్పా మునిసామీ" అనేవారు నాతో. "రోంత సేపు నిలబెడితే అదే తేరుకుంటాది. నూనె పైన నిలుస్తాది, మడ్డి కిందికి దిగుతాది."

ఇది మిల్లులో నేను స్వయంగా చూశాను. అక్కడి పెద్ద పీపాలకు ఇత్తడి కొళాయిలు ఉండేవి. ఆ కొళాయి పీపా అడుగున ఉండదు, అడుగు నుంచి నాలుగు వేళ్లు పైన ఉంటుంది. రాత్రంతా నూనె తేరనిచ్చి, పొద్దున్నే కొళాయి తిప్పితే తేట నూనె వస్తుంది. మడ్డి ఆ నాలుగు వేళ్ల లోతులో అలాగే ఉండిపోతుంది. ఇంత సులువైన ఏర్పాటు ఇంకెక్కడా చూడలేదు నేను.

కొళాయి పూజ

ఒకరోజు శెట్టిగారు షెడ్డుకు వచ్చేసరికి బాషా చేతికి సున్నపు తేట పూస్తున్నాను. బోల్టు జారి మళ్లీ కాల్చుకున్నాడు. చూసి ఆయన మొహం చిన్నబోయింది.

"యాలప్పా ఈ కర్మ? పీపాకు పెట్టినట్ల దీనికీ కొళాయి పెడితే సరిపాయ గదా" అన్నారు.

అన్నదే తడవు, మా డ్రైవరు గంగులప్ప తోలే బస్సు ఛాంబర్ విప్పించి చింతామణికి తీసుకెళ్లారు. వారంలోగా అది మళ్లీ షెడ్డుకు వచ్చింది. పక్కన తళతళలాడే ఇత్తడి కొళాయి, అడుగు నుంచి సరిగ్గా నాలుగు వేళ్లు పైన. అట్టడుగున ఉన్న పాత బోల్టు రంధ్రం ఎలాగూ కారుతోంది కదా అని దాన్ని శాశ్వతంగా అతికించేసి మూయించారు.

"కొళాయి అంత పైన పెట్టించినారే సావుకారూ?" అన్నాను.

"కింద పెడితే మడ్డి వస్తాది గదప్పా" అన్నారు, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "ఇంకొక మాట. వేడి మీద దించొద్దు. వేడిలో అంతా కలిసిపోయుంటాది. రాత్రంతా నిలబెట్టి, తెల్లారినాక తిప్పండి."

మా మేస్త్రీ వేడిగా దించమన్నాడు, ఎందుకో చెప్పలేదు. ఈయన చల్లగా దించమంటున్నారు, కారణం కూడా చెబుతున్నారు. కారణం ఉన్న మాట ముందు కారణం లేని అలవాటు ఏం నిలుస్తుంది? పైగా అడుగున కొళాయి ఉంటే బాగేపల్లి రోడ్డు మీది రాళ్లు తగిలి విరిగిపోతుందని నాకూ అనిపించింది. పక్కన ఉండటమే మేలనుకున్నాను.

మొదటిసారి కొళాయి తిప్పిన రోజు పండగే. కొళాయికి పసుపు, కుంకుమ, ఒక నిమ్మకాయ. శెట్టిగారే తిప్పారు. ఎవరూ బస్సు కిందికి దూరలేదు, ఎవరి చెయ్యీ కాలలేదు. బాషా అయితే చేతులు కట్టుకుని దొరలా నిలబడి చూశాడు. నూనె సన్నని ధారగా దిగింది. అందరం వంగి చూశాం. వాడిన నూనె అంటే నల్లగా, చిక్కగా ఉండాలి. ఇది తేనె రంగుకు కొంచెం ముదురు, అంతే.

"చూడప్పా, ఎంత తేటగా ఉండాదో!" శెట్టిగారి ఆనందం ఇంతా అంతా కాదు. "మన గంగులప్ప బండి ఇంజను బంగారం."

మేమూ చప్పట్లు కొట్టాం. మిగతా బస్సుల యజమానులు ఒక్కొక్కరే వచ్చి ఆ కొళాయిని చూసి వెళ్లారు. ఇంత తేట నూనెను పారబోయడం పాపమని శెట్టిగారు మార్చే గడువు కూడా పెంచేశారు. అలా కొన్ని నెలలు హాయిగా గడిచాయి. ఆ బండి దగ్గర నా మోచేయి కాలని మొదటి నెలలు అవే.

ముల్లు పడిపోతాంది

గంగులప్పది మండికల్. మా డ్రైవర్లలో అందరికన్నా నెమ్మదైన మనిషి. ఎత్తు వస్తోందని ఇంజనుకు ముందే చెప్పి గేరు మారుస్తాడని ప్రయాణికులు నవ్వేవాళ్లు. హారను కూడా ఎదుటివాడికి కోపం రాకుండా మోగించేవాడు. పెద్దగా మాట్లాడడు. అలాంటి మనిషి వచ్చి ఏదైనా చెప్పాడంటే ఆగి వినాలి.

అతను మొదట నాకు చెప్పాడు. డ్రైవరు ముందు ఒక చిన్న గడియారం లాంటిది ఉంటుంది, ఇంజనులో నూనె ఎంత ఒత్తిడితో తిరుగుతోందో దాని ముల్లు చూపిస్తుంది.

"ఎత్తు ఎక్కేటప్పుడు ముల్లు పడిపోతాందన్నా" అన్నాడు. "చదును మీద మళ్లా లేస్తాది. నాకేమో మనసుకు సరిపోలేదు."

నూనె చూశాను, నిండుగా ఉంది. శెట్టిగారికి చెబితే, గడియారం చెడిపోయుంటుంది, మార్చేయమన్నారు. మార్చాను. కొత్త ముల్లూ అలాగే పడింది. గంగులప్ప మళ్లీ చెప్పాడు. ఇంజను లోపలే ఏదో ఉందేమో, విప్పి చూద్దామని నేను అన్నాను. పెళ్లిళ్ల కాలంలో బండి ఎలా నిలుపుతామన్నారు శెట్టిగారు. ఆ మాటా నిజమే.

మూడోసారి గంగులప్ప నేరుగా ఆయనకే చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. శెట్టిగారు ఆ పూట ఏదో చికాకులో ఉన్నారు.

"నూనె తేటగా ఉండాది, నిండుగా ఉండాది. గడియారం కూడా మార్చినాం" అన్నారు. "ఇంకా ముల్లు పడతాందంటే, నీ కండ్లు చూపిచ్చుకోవల్లప్పా గంగులప్పా."

చుట్టూ నలుగురు ఉన్నారు. డ్రైవరును కళ్లు చూపించుకోమనడం అంటే ఏమిటో బయటివాళ్లకు అర్థం కాదు. వంటవాడి చేతి వంట నోట పెట్టలేమని పెళ్లి పందిట్లో అన్నట్టు. గంగులప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లి బస్సెక్కాడు.

పరగోడు దగ్గర

ఆ తర్వాత బాగేపల్లి సంత రోజున, బస్సు నిండా జనం, టాపు మీద మూటలు, కోళ్ల గంపలు. పరగోడు దగ్గరకు వచ్చేసరికి ఇంజను లోపల సుత్తితో కొడుతున్న మోత మొదలైంది. గంగులప్ప వెంటనే ఇంజను ఆపేశాడు. బాగేపల్లి ఇంకెంతో దూరం లేదు. నెమ్మదిగా తోలుకుపోదాం, సంత దాటిపోతుందని జనమంతా మీద పడ్డారు. కొందరు తిట్టారు. అతను తాళం తీసి జేబులో వేసుకుని దిగిపోయాడు. జనం ఎద్దుల బండ్లు మాట్లాడుకుని వెళ్లారు. కోళ్ల గంపల ఆసామి మాత్రం టాపు మీదనుంచే సాయంత్రం దాకా గంగులప్పను శపించాడట.

బస్సును లారీకి కట్టి షెడ్డుకు లాక్కొచ్చాం. శెట్టిగారు చింతామణి నుంచి పరుగున వచ్చారు. ఇంజను పోయిందన్న మాట విన్నాక ఆయన ఇంకేమీ వినలేదు.

"ఎత్తులో వాయించి తోలుంటాడు. నిమ్మళమైన మనిషని నమ్మితే నా ఇంజనే తినేసినాడు" అన్నారు. గంగులప్ప వైపు తిరిగి, "రేపట్నుంచి నువ్వు స్టీరింగు ముట్టొద్దు" అన్నారు.

ఆ మాట బరువు ఎంతో మీకు తెలియాలి. చిక్కబళ్లాపురం, చింతామణి, బాగేపల్లి, ఈ మూడు ఊళ్ల బస్సుల యజమానులంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే. తన చేతుల్లో ఇంజను పోగొట్టుకుని బయటికొచ్చిన డ్రైవరుకు వాళ్లలో ఏ ఒక్కరూ బండి ఇవ్వరు. పొలం లేదు, గంగులప్పకు తెలిసిన పని అదొక్కటే. జేబులోంచి తాళం తీసి బల్ల మీద పెట్టి, మండికల్ వైపు నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

"సావుకారూ, ముందు ఇంజను విప్పనీండి. ఏమయిందో చూసినాక మాట్లాడుదాం" అన్నాను.

"విప్పు" అన్నారు. "విప్పి, వాని తప్పు యాడుండాదో నాకు చూపించు."

ఛాంబర్ దించితే

నిజంగా తప్పు గంగులప్పదే అయితే నేనేమీ చేయలేను. కాదని తేలితే, ఆ తేలడం శెట్టిగారి కళ్లముందే తేలాలి. కడిగి శుభ్రం చేశాక చూపిస్తే నా మాట నమ్మాల్సి వస్తుంది. మాటలు నమ్మే స్థితిలో ఆయన లేరు. అందుకని ఛాంబర్ బోల్టులన్నీ వదులు చేసి, చివరి రెండూ ఉంచి, ఆయనకు కబురు పెట్టాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. పాడైన ఇంజనును యజమాని వచ్చేదాకా తుడవకండి. ఆ మురికే మీ సాక్ష్యం.

ఆయన వచ్చాక నేనూ బాషా ఛాంబర్‌ను మెల్లగా దించి వెలుతురులోకి తెచ్చాం. ముందుగానే కొళాయి తిప్పి నూనె తీసేశాం కాబట్టి, దానిలో ఏమీ ఉండకూడదు. ఉంది. అడుగు నుంచి కొళాయి దాకా, సరిగ్గా నాలుగు వేళ్ల మందాన, తారు లాంటి నల్లటి ముద్ద. నూనెను పైకి పీల్చే గొట్టం మూతికి ఒక జల్లెడ ఉంటుంది, అది ఆ ముద్దలో కూరుకుపోయింది. ఎత్తు ఎక్కినప్పుడల్లా ముద్ద వెనక్కి జరిగి జల్లెడను ఇంకా మూసేసేది. పైన నూనె నిండుగా ఉంది, ఇంజనుకు మాత్రం అందలేదు. నూనె అందక, లోపల షాఫ్టును మోసే ఒక బేరింగు కరిగిపోయింది.

శెట్టిగారు మడతలు చెడని తెల్ల పంచెతో ఛాంబర్ పక్కన గొంతుక్కూర్చున్నారు. చూపుడు వేలు ఆ ముద్దలో దించారు, బొటనవేలితో రుద్దారు, వాసన చూశారు. ఆయన వేళ్లకు అది తెలియని వస్తువు కాదు.

"మడ్డి" అన్నారు.

తర్వాత నెమ్మదిగా, తనకు తానే లెక్క చెప్పుకుంటున్నట్టు అన్నారు: "మిల్లులో తేట నూనె తీసుకుంటాం, మడ్డి వదిలేస్తాం. ఈడ మడ్డిని తీయల్ల. నేను మడ్డిని దాచిపెట్టి, మంచి నూనెను బయట పోయించినానప్పా."

ఇంజను సంగతి అంత సూటిగా ఇంతవరకు ఇంకెవరూ చెప్పగా నేను వినలేదు. మా మేస్త్రీ "చల్లారితే రాదు" అన్నది నూనె గురించి కాదు, మడ్డి గురించి. వేడిగా, కదిలి ఉన్నప్పుడే అది నూనెతో కలిసి దిగిపోతుంది. రాత్రంతా నిలబెడితే అడుగున పేరుకుని మొండికేస్తుంది. తేట నూనె వచ్చిందని పూజ చేసి చప్పట్లు కొట్టాం కదా, నిజానికి ఆ రోజే మాకు గుబులు పుట్టాల్సింది. వాడిన నూనె నల్లగా వస్తేనే ఇంజను శుభ్రపడుతున్నట్టు. ఆ మేస్త్రీ ఒక్క వాక్యం ఎక్కువ మాట్లాడి ఉంటే ఒక ఇంజను దక్కేది. మీ చేతికింద పనిచేసేవాళ్లకు ఇలా చేయమని చెప్పి ఊరుకోకండి, ఎందుకో కూడా చెప్పండి. ఎందుకో తెలియని పని, గట్టిగా మాట్లాడేవాడు రాగానే మూల పడుతుంది.

శెట్టిగారు లేచి చేతులు తుడుచుకుంటూ అడిగారు. "గంగులప్ప మోత వినంగానే నిలిపినాడా?"

"అప్పుడే ఆపినాడు సావుకారూ. జనం తిట్టినా తాళం ఇయ్యలేదంట. బాగేపల్లి దాకా తోలుంటే షాఫ్టు కూడా పోయుండేది. అప్పుడు ఇంజను పాత ఇనుముకే."

నల్లబడిన వేళ్లు చూసుకుంటూ ఆయన బయటికి నడిచారు.

కొళాయిని పీకి పారేశామని అనుకుంటున్నారేమో, లేదు. ఇది పాఠం నేర్చుకోవాలని వచ్చేవాళ్లు తొందరపడి చేసే పొరపాటు, వస్తువు మీద కోపం తీర్చుకోవడం. కొళాయి మంచిదే. దాన్నే తీసుకెళ్లి, అతికించిన పాత రంధ్రం తెరిపించి, అట్టడుగున బిగించాం. రాళ్లు తగలకుండా చుట్టూ ఇనుప రేకు కవచం. దారిలో తనంతట తాను తిరగకుండా పిడికి గట్టి తీగ కట్టు. ఆ తర్వాత అన్ని బస్సులకూ అలాగే పెట్టాం. ట్రిప్పు నుంచి బండి రాగానే తీగ విప్పి పిడి తిప్పడమే. నూనె నల్లగా, పొగలు కక్కుతూ దిగేది, చివరి చుక్క దాకా కారనిచ్చేవాళ్లం. చేతులు కాలేవి కావు. అయినా ఏడాదికోసారి ఛాంబర్ దించి చూసేవాణ్ణి. కొళాయి ఉంది కదా అని కింద పడుకోవడం మానేసిన మెకానిక్కును నేను నమ్మను.

మండికల్‌లో

బేరింగు మార్చి, ఇంజను కట్టి, షెడ్డులో ఒక పూట తిప్పి చూశాక శెట్టిగారితో చెప్పాను, బండి రేపు రోడ్డెక్కొచ్చని. ఆయన తాళం చేతిలోకి తీసుకున్నారు. "మండికల్‌కు పోదాం రాప్పా" అన్నారు.

దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మౌనంగా ఉండటం నేను చూసింది అదే మొదటిసారి. ఏమని అడగబోతున్నారో, అసలు అడుగుతారో లేదో నాకు అర్థం కాలేదు. గంగులప్ప రాకపోతే? ఇన్నాళ్లుగా ఇంట్లో కూర్చుని అతను ఏమనుకుంటున్నాడో ఎవరికి తెలుసు?

గుమ్మంలో గంగులప్ప భార్య లక్ష్మమ్మ ఎదురైంది. చాప వేసింది, చెంబుతో నీళ్లు ఇచ్చింది. మర్యాదకు లోటు చేయలేదు. తర్వాత నిలబడి అడిగింది.

"సావుకారూ, మా ఆయన కండ్లు బాగుండాయా, లేదా? మీరే చెప్పండి. పని పోయినకాడ్నుంచి పొద్దున లేస్తూనే వాకిట్లో కూచొని సూదిలోకి దారం ఎక్కిస్తాండాడు. ఎక్కిస్తాడు, తీస్తాడు, మళ్లా ఎక్కిస్తాడు. ఒక కన్ను మూసి ఒకసారి, ఇంకొక కన్ను మూసి ఒకసారి. నేను చూడలేక సస్తాండా."

గంగులప్పకు కోపం వచ్చుంటుందని అనుకుంటూ వచ్చాను. కోపం కాదు, తన కళ్ల మీద తనకే అనుమానం పుట్టేలా చేశాం. కోపం వచ్చి ఉంటేనే బాగుండేది.

గంగులప్ప పెరట్లోంచి వచ్చాడు. శెట్టిగారిని చూసి తలగుడ్డ తీశాడు. శెట్టిగారు చాప మీద నుంచి లేచి నిలబడ్డారు. యజమాని లేచి నిలబడటం చూసి లక్ష్మమ్మ గాబరా పడింది.

"ముల్లు నిజంగానే పడిందప్పా గంగులప్పా" అన్నారు. "ఇంజను విప్పి చూసినాం. నా కొళాయి చేసిన పని అది. నీ కండ్లు బాగుండాయి. నా చెవులే బాగలేవు."

తాళం ముందుకు చాపి పట్టుకున్నారు. గంగులప్ప వెంటనే తీసుకోలేదు. తాళాన్ని చూశాడు, ఆయన్ను చూశాడు. అతను ఎక్కువ మాట్లాడడని చెప్పాను కదా, ఆ పూట మాట్లాడాడు.

"మూడుసార్లు చెప్పినా సావుకారూ."

"చెప్పినావు."

"రేపు మళ్లా ముల్లు పడితే మళ్లా చెప్తా. అప్పుడేమంటారు?"

శెట్టిగారు జవాబు వెతుక్కున్నారు. ఇంతకుముందయితే అవతలివాడి మాట సగంలోనే జవాబు వచ్చేసేది ఆయనకు.

గంగులప్పే అన్నాడు: "చెవులు బాగలేకుంటే రేపు బండ్లో నా పక్కన కూచోండి. ఇంజను పక్కన. అది ఏం చెప్తాదో మీరే విందురు. అట్లయితే వస్తా."

"వస్తా" అన్నారు శెట్టిగారు. అప్పుడు తాళం తీసుకున్నాడు గంగులప్ప.

మొదటి ట్రిప్పు

మరునాడు బాగేపల్లి ట్రిప్పుకు నేనూ ఎక్కాను, కొత్త బేరింగు కదా అని. శెట్టిగారు తన సొంత కారులో తప్ప ప్రయాణం చేయని మనిషి. ఆ రోజు డ్రైవరు పక్కన, ఇంజను మూత ఆనుకుని ఉండే ఇరుకు సీటులో కూర్చున్నారు. వేడికి చెమటలు కారుతున్నాయి. తెల్ల పంచె మీద అప్పటికే ఒక నూనె మరక పడింది. ఒక చెయ్యి ఇంజను మూత మీద పెట్టి, తల కొంచెం వంచి కూర్చున్నారు.

ఎత్తు వచ్చింది. గంగులప్ప గేరు మార్చాడు. శెట్టిగారు ముందుకు వంగి ముల్లు వైపు చూశారు. అది కదలకుండా నిలబడి ఉంది. అయినా ఆయన తల ఎత్తలేదు.

వెనక సీటులో చింతామణి చింతపండు వ్యాపారి ఒకాయన ఉన్నాడు, శెట్టిగారికి బాగా తెలిసినవాడు. చాలాసేపటి నుంచి ఈ వింత చూస్తున్నాడు. ఇక ఉండబట్టలేక పలకరించాడు.

"ఏమి శెట్టీ, కారు అమ్ముకుంటివా ఏమి? ఆ వేడిలో కూచొని ఏం చేస్తాండావు?"

శెట్టిగారు వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి ఆగమన్నారు.

"సద్దు చేయొద్దప్పా" అన్నారు. "డ్రైవరు చెప్తాండాడు, వింటాండా."

గంగులప్ప బాగేపల్లి దాకా ఒక్క మాట మాట్లాడలేదు.